తలనొప్పి మందు డబ్బుతో తెలుగు పత్రిక

బుజ్జీ, చిన్నీ,

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నాయనమ్మ నుదుటికి అమృతాంజనం రాస్తూ "దీన్ని ఎవరు కనిపెట్టారు తాతయ్యా?" అని అడిగారు. బస్సుకు టైమైపోయిందన్న టెన్షన్‌లో సగమే చెప్పాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే. కష్టమైన మాట వస్తే అమ్మనడగండి.

ఆయన పేరు కాశీనాథుని నాగేశ్వరరావు. ఊరంతా పంతులుగారనే పిలిచేది. 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. అది పామర్రు దగ్గర. బందరులోనూ తర్వాత మద్రాసు క్రైస్తవ కళాశాలలోనూ చదువుకున్నారు. బి.ఏ. అయ్యాక ప్రభుత్వోద్యోగం కోసం చూడకుండా మందుల వ్యాపారం నేర్చుకుంటూ చివరికి బొంబాయి చేరారు. అక్కడే 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. కర్పూరం, మెంతాల్, నీలగిరి తైలం లాంటివి కలిసిన లేపనం. నుదుటికి రాయగానే చల్లగా తగిలేది మెంతాలే. కొత్త మందును ఊరికే ఎవరు కొంటారు? సంగీత కచేరీలకు వచ్చినవాళ్ళకు ఉచితంగా పంచేవారని చెబుతారు. ఒకసారి రాసుకున్నవాళ్ళు మళ్ళీ కొన్నారు. డబ్బు వచ్చింది.

ఇక్కడిదాకా చాలామంది వ్యాపారుల కథ ఇలాగే ఉంటుంది. నేను మీకు చెప్పాలనుకున్నది ఆ డబ్బు ఎటు వెళ్ళిందన్నది.

1907లో సూరత్‌లో కాంగ్రెస్ మహాసభ జరిగింది. పంతులుగారు వెళ్ళారు. దేశమంతా స్వాతంత్ర్యం గురించి మాట్లాడుకుంటుంటే, ఆ మాటలు తెలుగువాళ్ళకు వాళ్ళ భాషలో చేరవేసే గట్టి పత్రిక ఉండాలనిపించింది. మరుసటి ఏడాది, 1908లో, బొంబాయిలోనే 'ఆంధ్రపత్రిక' వారపత్రిక పెట్టారు. మరాఠీ, గుజరాతీ వినిపించే ఊళ్ళో తెలుగు పత్రిక!

అదెంత కష్టమో మీకు తెలియాలి. మీరు ఫోన్లో 'క్షేత్రం' అని క్షణంలో టైప్ చేస్తారు. ఆ రోజుల్లో ప్రతి అక్షరమూ విడిగా సీసపు ముక్క. గుణింతాలు, ఒత్తులు కలిపి వందల రకాల ముక్కలు అరల్లో ఉండేవి. కంపోజిటరు వాటిని ఒక్కొక్కటే ఏరి, వరసలుగా పేర్చి, అచ్చయ్యాక మళ్ళీ ఎక్కడివక్కడ వేసేవాడు. బొంబాయిలో తెలుగు కూర్చడం వచ్చినవాళ్ళు ఎంతమంది దొరుకుతారు? అయినా నడిపారు.

1914లో పత్రికను మద్రాసుకు తెచ్చి ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక చేశారు. ఆ ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. జనానికి వార్తల ఆత్రం పెరిగింది, కాగితం కొనడం కష్టమైంది. దినపత్రికంటే రోజూ ఖర్చే. కాగితం, సిరా, జీతాలు, టెలిగ్రాములు, తపాలా. చందా డబ్బేమో ఎప్పుడో వస్తుంది. ఆ లోటంతా అమృతాంజనం భరించింది. ఎక్కడో ఎవరికో తల నొప్పి, వాళ్ళు ఒక చిన్న సీసా కొంటే, ఆ లాభం మద్రాసులో అచ్చుయంత్రం తిప్పింది. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే.

మా చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయం అరుగు మీద మా నాన్న ఆంధ్రపత్రిక గట్టిగా చదివేవాడు. చదువురాని రైతులు చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. అప్పటికి పంతులుగారు పోయి చాలా ఏళ్ళయింది, పత్రిక మాత్రం మా అరుగు దాకా వస్తూనే ఉంది. గ్రంథాలయాలు పెట్టాలని ఊరూరా తిరిగినవాళ్ళకు ఆయన అండగా నిలిచారని నాకు తర్వాత తెలిసింది.

1924లో 'భారతి' అనే మాసపత్రిక పెట్టారు. కథలు, కవిత్వం, చరిత్ర, శాసనాలు అన్నీ అందులో వచ్చేవి. 1926లో ఆంధ్ర గ్రంథమాల అని వరసగా పుస్తకాలు అచ్చువేయడం మొదలుపెట్టారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరిస్తే ఆ గ్రంథమాలలో అచ్చయింది. పరిష్కరించడమంటే, తాటాకు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని, పురుగు తిన్నచోట, రాసినవాడు పొరబడినచోట అసలు పాఠం ఏమై ఉంటుందో తేల్చడం. నెలల తరబడి పని. అలాంటి పుస్తకం వేలకు వేలు అమ్ముడుపోతుందా? పోదు. ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. పంతులుగారు పెట్టారు.

ఇంకొకటి. కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగులో విజ్ఞానసర్వస్వం తలపెట్టి, మూడు సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశారు. ఆగిపోయిన ఆ పనిని పంతులుగారు భుజానికెత్తుకున్నారు. ఒకరు మొదలుపెట్టినదాన్ని తన పనిగా నెత్తినేసుకోవడం చిన్న విషయం కాదర్రా.

ఆయన డబ్బిచ్చి ఇంట్లో కూర్చోలేదు. ఆంధ్ర ప్రాంతపు కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశారు. ఉప్పు సత్యాగ్రహం నాటికి అరవై దాటాయి, అయినా జైలుకు వెళ్ళారు. జనం 'దేశోద్ధారక' అన్నారు, 'విశ్వదాత' అన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ అనే గౌరవ బిరుదు ఇచ్చింది.

మద్రాసులో ఆయన ఇంటి పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు ఆ ఇంట్లోనే కూర్చుని, కలిసి ఆంధ్రరాష్ట్రం సాధించుకునేందుకు ఒప్పందం చేసుకున్నారు. మీ సోషల్ పుస్తకంలో శ్రీబాగ్ ఒడంబడిక అని వస్తుంది చూడండి, అదే. ఆంధ్రరాష్ట్రం కావాలని ఆయన ఎంతో కోరుకున్నారు. చూడలేకపోయారు. 1938 ఏప్రిల్ 11న పోయారు. రాష్ట్రం 1953లో వచ్చింది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చెన్నైలో మీ అత్తయ్య వాళ్ళుండే మైలాపూరులోనే నాగేశ్వరరావు పార్కు ఉంది. వేసవిలో వెళ్తే అత్తయ్యను తీసుకెళ్ళమనండి. పార్కుకు ఆ పేరెందుకు వచ్చిందో ఈసారి మీరే ఆమెకు చెప్పండి.

ఆ తర్వాత మా ఇంటికి రండి. అటక మీది ట్రంకు పెట్టెలో మా నాన్న దాచిన భారతి సంచికలు ఓ పాతిక ఉన్నాయి. దించి, దుమ్ము దులిపి ఉంచుతాను. కాగితం పెళుసెక్కింది, మెల్లగా తిప్పాలి. చేతులు కడుక్కుని తుడుచుకున్నాకే ఇస్తాను.

మీ
తాతయ్య