పిల్లలు, ఫోన్లు: కడపలో నేను రోజూ వినే అపోహలు

అపోహ: "ఫోన్‌లో ఎవరో ఏదో అంటే ఏమైతాది మేడమ్? చూడకుంటే సరిపోతాది."

వాస్తవం: పిల్లలకు కౌన్సెలింగ్ చేసే కౌన్సెలర్‌గా ఈ మాట నేను ఒప్పుకోలేను. వీధిలో తిట్టినవాడు కాసేపటికి ఇంటికి పోతాడు. క్లాసు వాట్సాప్ గ్రూపులో పడిన మాట అర్ధరాత్రి కూడా అక్కడే ఉంటుంది, దాని కింద నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ల పేర్లతో సహా. ఆ మాట పడిన పిల్లకు నిద్ర పట్టదు, అన్నం సయించదు, పొద్దున్నే కడుపునొప్పి అని కాలేజీ మానేస్తుంది. అది నాటకం కాదు.

అపోహ: "ఫోన్ లాక్కుంటే పీడ పోతాది."

వాస్తవం: పిల్లలు మన దగ్గర దాచేది ఈ భయంతోనే. ఫొటో మార్ఫింగ్ చేసి ఎవడో డబ్బు అడిగితే, 'నాన్నకు చెప్తే ఫోన్ పోతుంది, చదువు మాన్పిస్తారు' అని గుట్టుగా పంపేస్తారు. డబ్బిస్తే వాడు వదలడు, మళ్లీ అడుగుతాడు. ముందు పిల్లలను తిట్టకండి. చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్లు తీసి, వాడి నంబరు, యూపీఐ ఐడీ రాసిపెట్టుకోండి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నగ్న ఫొటో బయటపెడతానంటే, అది ఫేస్‌బుక్ లాంటివాటిలో పడకుండా ఆపడానికి 18 నిండినవాళ్లకు స్టాప్‌ఎన్‌సీఐఐ, అంతకన్నా చిన్నవాళ్లకు టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సైట్లున్నాయి. మీ ఫొటో ఫోన్ దాటి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే ఆ సైటుకు చేరుతుంది. బిడ్డ మరీ కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి. కువైట్‌లో ఇంటిపనికి పోయిన తల్లి ఇమో వీడియో కాల్‌లో కనబడి "తిన్నావా నాయనా" అంటేగానీ నిద్రపోని పిల్లలు మా జిల్లాలో ఉన్నారు. ఫోన్ లాక్కునేముందు ఇదీ గుర్తు పెట్టుకోవాలి.

అపోహ: "అందులో చెడిపోవడం తప్ప నేర్చుకునేదేముంది?"

వాస్తవం: ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చిన డిగ్రీ అమ్మాయి ఒకరున్నారు. చేతుల మీద బొల్లి మచ్చలు. ఇంట్లో కంచం, గ్లాసు వేరు పెట్టారు. ఒక ఫేస్‌బుక్ గ్రూపులో అవే మచ్చలున్నవాళ్లు చేతులు దాచుకోకుండా పెట్టిన పెళ్లి ఫొటోలు చూసింది. బొల్లి అంటుకోదనీ, దానికీ కుష్టుకూ సంబంధం లేదనీ ఆమెకు మొదట తెలిసింది అక్కడే. వాళ్లమ్మకు అవన్నీ చూపించి చర్మ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. కంచాలు కలిసిపోయాయి.

అదే గ్రూపులో 'నెలలో మచ్చ మాయం' అంటూ లేపనాలు అమ్మేవాళ్లూ దూరారు. డబ్బు పంపేముందు ఆ మందు పేరు డాక్టరుకు చూపించమన్నాను. చూపించింది. ఆయన వద్దన్నారు, కొనలేదు.