పబ్లిక్ డిఫెండర్ ఫీజు: అమెరికా కోర్టుల్లో అపోహలు - వాస్తవాలు

అమెరికాలో క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని. షాప్‌లిఫ్టింగ్‌లోనో, తాగి కారు నడిపో ఇరుక్కున్న మన తెలుగు విద్యార్థులు కూడా నా దగ్గరికి వస్తుంటారు. "లాయర్ ఫ్రీ అన్నారుగా, మరి ఈ బిల్లేంటి?" అన్న ప్రశ్న తరచూ వింటుంటాను.

అపోహ: పబ్లిక్ డిఫెండర్‌కి (డబ్బు లేని నిందితుడికి ప్రభుత్వం ఇచ్చే లాయర్‌కి) పైసా కట్టక్కర్లేదు.

వాస్తవం: ఇండియాలో కస్టడీలో ఉన్నవాళ్లకు 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మనవాళ్లు ఇక్కడా అదే లెక్క వేసుకుంటారు. పేద నిందితుడికి ప్రభుత్వం లాయర్‌ని ఇవ్వాలని 1963లో గిడియన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఖర్చు తర్వాత రాబట్టుకోవచ్చా లేదా అన్నది మాత్రం తేల్చలేదు. ఆ సందులోంచే రాష్ట్రాలు ఫీజులు పెట్టాయి. గిడియన్ కేసు పుట్టిన ఫ్లోరిడాలోనే దరఖాస్తుకు 50 డాలర్లు, శిక్ష పడితే చిన్న నేరాలకు కనీసం 50, ఫెలొనీకి (పెద్ద నేరానికి) కనీసం 100 వేస్తారు.

అపోహ: ఇది రాజ్యాంగ విరుద్ధం, కోర్టుకెళ్తే కొట్టేస్తారు.

వాస్తవం: అంత తేలిక కాదు. 1972లో జేమ్స్ వర్సెస్ స్ట్రేంజ్ కేసులో కాన్సాస్ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది నిజమే. అయితే తప్పు ఫీజులో కనబడలేదు. మామూలు బాకీదారుల జీతానికీ ఆస్తికీ ఉండే రక్షణల్లో చాలావాటిని ఈ బాకీ ఉన్నవాళ్లకు లేకుండా చేయడం సమానత్వానికి విరుద్ధమంది. రెండేళ్లకే ఫుల్లర్ వర్సెస్ ఒరెగాన్‌లో ఫీజు చట్టాన్ని సమర్థించింది. ఎందుకంటే ఒరెగాన్ శిక్ష పడినవాళ్ల నుంచే, అదీ ఇబ్బంది లేకుండా కట్టగలిగితేనే వసూలు చేసేది. పరిస్థితి తారుమారైతే మాఫీ కోరే వీలూ ఉంది.

ఆ తర్వాతి పోరాటాలన్నీ ఈ రెండు తీర్పుల మధ్యే నడుస్తున్నాయి. మిన్నెసోటా 2003లో కేసును బట్టి 50 నుంచి 200 డాలర్ల కో-పే (లాయర్ ఖర్చులో నిందితుడి వాటా) పెట్టింది. లేనివాళ్లకు మినహాయింపు ఇచ్చే వీలు జడ్జికి ఉంచలేదు. 2004లో టెన్నిన్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. "ఫీజు వేయడమే అన్యాయం" అనే వాదన సాధారణంగా నిలబడదు. "కట్టగలనో లేదో చూడకుండా వేశారు" అంటే వింటారు.

అపోహ: నిర్దోషిగా బయటపడితే బిల్లు రాదు.

వాస్తవం: మీరున్న రాష్ట్రాన్ని బట్టి. శిక్ష పడకుండా ఖర్చులు రాబట్టకూడదని నార్త్ కరొలైనా రాజ్యాంగంలోనే ఉంది. దాని ఆధారంగానే 2004లో అక్కడి సుప్రీంకోర్టు, తీర్పు రాకముందే లాయర్ కోసం వేసే ఫీజును అడ్డుకుంది. అయోవాలో మాత్రం కేసు కొట్టేసినా, నిర్దోషి అని తేలినా, కట్టగలిగిన మేరకు వసూలు చేయొచ్చు. చట్టం తెలిసినా నాకిది మింగుడుపడదు.

అపోహ: కట్టకపోతే జైలే.

వాస్తవం: డబ్బు లేక కట్టలేకపోవడం వేరు, ఉండీ ఎగ్గొట్టడం వేరు. జరిమానా కేసైన బేర్డెన్‌లో 1983లో సుప్రీంకోర్టు ఈ తేడా చూపించింది. అలాగని కోర్టు నోటీసును పక్కన పడేయకండి. హియరింగ్‌కి వెళ్లకపోతే వారెంట్ వస్తుంది, అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

అపోహ: వీసా మీద ఉన్నవాళ్లకు పబ్లిక్ డిఫెండర్ ఇవ్వరు.

వాస్తవం: ఇస్తారు. క్రిమినల్ కోర్టులో లాయర్ హక్కు నిందితులందరిదీ, పౌరులకే పరిమితం కాదు. ఇమ్మిగ్రేషన్ కోర్టులో మాత్రం మీ లాయర్‌ని మీరే చూసుకోవాలి. ఫీజుకి భయపడి లాయర్ వద్దని సంతకం పెట్టి, నేరం ఒప్పుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందా అన్నది చెప్పడం లాయర్ బాధ్యతని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు ఇచ్చిన లాయర్‌కీ అది వర్తిస్తుంది.

అపోహ: ఈ ఫీజులు ఎప్పటికీ పోవు.

వాస్తవం: కాలిఫోర్నియాలో 2021 జూలై 1 నుంచి లేవు, పాత బాకీలూ రద్దయ్యాయి. న్యూజెర్సీ 2023లో రాష్ట్ర పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు ఫీజుల్ని తీసేసింది. రెండుచోట్లా ఆ పని చేసింది చట్టసభలే.

మీ రాష్ట్రంలో ఫీజు ఇంకా ఉంటే, జడ్జి దాన్ని వేసేటప్పుడే "కట్టే స్తోమత లేదు, విచారించండి" అని మీ లాయర్‌తో రికార్డులో చెప్పించండి. అద్దె రసీదులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ వెంట ఉంచుకోండి. అప్పుడు నోరు విప్పకుండా అప్పీల్లో ఎత్తితే, ముందే ఎందుకు అడగలేదని తోసిపుచ్చే అవకాశమే ఎక్కువ.