ఈటింగ్ డిజార్డర్లు (తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు): అపోహలు, వాస్తవాలు

అపోహ: ముందు మనసు కుదుటపడాలి, తిండి సంగతి తరువాత చూసుకోవచ్చు.

వాస్తవం: మానసిక వైద్యంలో శిక్షణ పొందుతున్న తొలినాళ్లలో నేను కూడా ఇలాగే అనుకునేవాణ్ణి. అది ఎందుకు పొరపాటో ఒక పాత ప్రయోగం చూపిస్తుంది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ బృందం, శారీరకంగానూ మానసికంగానూ ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు, వారి సమ్మతితోనే, దాదాపు ఆరు నెలల పాటు ఆహారాన్ని బాగా తగ్గించి ఇచ్చింది. వారాలు గడిచేకొద్దీ వారిలో దిగులు, చిరాకు పెరిగాయి, స్నేహితులకు దూరమయ్యారు, కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, ఉన్న కాస్త భోజనాన్నీ ఎంతోసేపు సాగదీస్తూ తిన్నారు. అనొరెక్సియాతో (బరువు పెరుగుతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే జబ్బుతో) వచ్చేవారిలో మేము చూసే లక్షణాలు కూడా చాలావరకు ఇవే కాబట్టి, వాటిలో జబ్బుకు మూలమైనవేవో, ఆకలి తెచ్చిపెట్టినవేవో పోషణ కొంత కోలుకునేదాకా తేల్చి చెప్పలేము. ఆకలితో ఉన్న మెదడు మీద కౌన్సెలింగ్ ప్రభావం తక్కువ. డిప్రెషన్ మందులు కూడా ఆ స్థితిలో అంతగా పనిచేయవు.

అలాగని చిక్కి శల్యమైన వ్యక్తికి ఇంట్లో ఒక్కసారిగా ఎక్కువ తినిపించడం క్షేమం కాదు. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఉన్నట్టుండి ఆహారం అందితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె దెబ్బతినవచ్చు. అందుకే తొలి రోజుల్లో రక్తపరీక్షలు చేస్తూ ఆహారాన్ని క్రమంగా పెంచుతారు.

అపోహ: బరువు సరిగానే ఉంటే ప్రమాదం లేదు.

వాస్తవం: 1979లో మానసిక వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ బులీమియా నెర్వోసాను (అదుపు లేకుండా తిని, బరువు పెరగకుండా వాంతి చేసుకోవడం వంటివి చేసే జబ్బును) వర్ణించారు. ఈ జబ్బు ఉన్నవారిలో చాలామంది చూడటానికి మామూలు బరువుతోనే కనిపిస్తారు. అయితే పదేపదే వాంతి చేసుకోవడం వల్ల పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చు, ఆమ్లం తగిలి పళ్ల పైపొర అరిగిపోవచ్చు, చెవుల కింది లాలాజల గ్రంథులు ఉబ్బవచ్చు. ఇంట్లోవారెవరూ గమనించని ఈ జబ్బును పళ్ల డాక్టరు పసిగట్టిన సందర్భాలు అరుదేమీ కాదు.

అపోహ: రక్తపరీక్షలు బాగున్నాయి కాబట్టి భయం లేదు.

వాస్తవం: జబ్బు తీవ్రంగా ఉన్నా రిపోర్టులు బాగానే రావచ్చు. నాడి వేగం, పడుకున్నప్పుడూ నిలబడినప్పుడూ రక్తపోటు, ఈసీజీ కూడా చూడాలి.

అపోహ: ఇది ఆడపిల్లల మొండితనం.

వాస్తవం: మగవారికీ వస్తుంది. వంశపారంపర్య ప్రభావం గణనీయంగా ఉందని కవలల అధ్యయనాలు చూపాయి.

అపోహ: బరువు పెరిగితే నయమైనట్టే.

వాస్తవం: మిన్నెసోటా యువకులలో కూడా భోజనం మళ్లీ పెంచాక తిండి ధ్యాస వెంటనే పోలేదు, కొందరికి ఆకలి అదుపులోకి రావడానికి నెలలు పట్టింది. మా దగ్గరికి వచ్చేవారిలోనూ ముందు బరువు కోలుకుంటుంది, బరువు పెరుగుతామన్న భయం చాలాకాలం మిగులుతుంది, ఎముకల సాంద్రతలో కొంత ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు. కుటుంబాలు చికిత్స ఆపేయాలని అడిగేది సరిగ్గా బరువు కోలుకున్న ఆ దశలోనే.