పాలు, నీళ్ల లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

గ్రూప్స్, బ్యాంకు, రైల్వే పరీక్షలకు చదివేవారికి అంకగణితం బోధించే నాకు, మిశ్రమాల అధ్యాయంలో ఏటా కనిపించే తప్పులు దాదాపు ఒకటే. అవి గుణకారాలు రాక జరిగే తప్పులు కావు. నిష్పత్తిని చూసి అదే పరిమాణమని పొరబడడం వల్ల జరిగేవి.

అపోహ: రెండు మిశ్రమాలను కలిపినప్పుడు వాటి నిష్పత్తులను కూడితే సరిపోతుంది.

ఒక గ్లాసులో పాలు, నీళ్లు 2:1 నిష్పత్తిలోనూ, అంతే కొలత గల మరో గ్లాసులో 3:1 నిష్పత్తిలోనూ ఉన్నాయనుకుందాం. రెంటినీ ఒకే పాత్రలో పోస్తే 5:2 అవుతుందని చాలామంది రాస్తారు. మొదటి గ్లాసును మూడు వంతులు చేశాం, రెండోదాన్ని నాలుగు వంతులు చేశాం; అక్కడి వంతు పెద్దది, ఇక్కడి వంతు చిన్నది, కాబట్టి వాటిని నేరుగా కూడడం కుదరదు. (తెలుగులో పాలు అన్నా వంతు అనే అర్థం ఉంది; ‘మూడు పాళ్లు పాలు’ అని పిల్లలను తికమక పెట్టడం ఇష్టం లేక నేను బోర్డు మీద ఎప్పుడూ వంతు అనే రాస్తాను.) 3, 4ల క.సా.గు. 12 కనుక ఒక్కో గ్లాసును 12 సమాన వంతులు చేస్తే, మొదటిదానిలో పాలు 8, నీళ్లు 4. రెండోదానిలో పాలు 9, నీళ్లు 3. మొత్తం 17:7. 5:2 అనే జవాబు కూడా ఒక సందర్భంలో సరైనదే: మొదటి మిశ్రమం 3 లీటర్లు, రెండోది 4 లీటర్లు ఉన్నప్పుడు. ఈ రెండు జవాబులనూ పక్కపక్కన రాసి, తేడా ఎక్కడ వచ్చిందో తామే కనుక్కోమని విద్యార్థులకు కాస్త సమయం ఇస్తే, ఆ తరువాత ఈ తప్పు చాలావరకు తగ్గుతుంది.

అపోహ: మిశ్రమం తీసి నీళ్లు పోస్తే, తీసినదంతా పాలలోంచే పోతుంది.

పాలు, నీళ్లు 7:3గా ఉన్న 30 లీటర్ల మిశ్రమంలోంచి 10 లీటర్లు తీస్తే, ఆ పదిలోనూ అదే నిష్పత్తి ఉంటుంది: 7 లీటర్ల పాలు, 3 లీటర్ల నీళ్లు. మిగిలేవి 14, 6. వాటికి 10 లీటర్ల నీళ్లు చేరిస్తే 14:16, అంటే 7:8. పాలలోంచే పది తీసేసినవారికి 11:19 వస్తుంది.

ఇదే పని మళ్లీ మళ్లీ చేసినప్పుడు పొరపాటు మరింత లోతుకు వెళుతుంది. 40 లీటర్ల పాలలోంచి 4 లీటర్లు తీసి అన్నే నీళ్లు పోయడం మూడుసార్లు జరిగితే, మిగిలిన పాలు 28 లీటర్లు కావు. ప్రతిసారీ అప్పటికి ఉన్న పాలలో పదో వంతు పోతుంది కనుక 36, 32.4, 29.16 లీటర్లుగా తగ్గుతూ వస్తాయి.

అపోహ: ఎలిగేషన్‌లో (రెండు మిశ్రమాలను ఎంతెంత కలపాలో కనుక్కొనే పద్ధతిలో) నిష్పత్తులను ఉన్నవి ఉన్నట్టే వేయవచ్చు.

4:1, 1:1 మిశ్రమాలను ఎంతెంత కలిపితే 2:1 వస్తుంది? ఈ పద్ధతిలో ఒక్కో మిశ్రమం విలువకూ కావలసిన విలువకూ ఉన్న తేడాను అడ్డగీత వెంట రెండో మిశ్రమం వైపు రాస్తాం. 4, 1, 2 అంకెలను నేరుగా అలా వేస్తే 1:2 అని వస్తుంది. సరిచూడండి: మొదటిది 1 లీటరు, రెండోది 2 లీటర్లు కలిపితే పాలు 1.8, నీళ్లు 1.2, అంటే 3:2. తప్పు. వేయవలసింది మొత్తంలో పాల భాగం: 4/5, 1/2, 2/3. తేడాలు 1/6, 2/15, జవాబు 5:4. ఎలిగేషన్ అనేది భారిత సగటును (ఒక్కోటి ఎంత కలిపామో దాన్ని బట్టి తీసే సగటును) వెనక నుంచి చదవడమే. వేర్వేరు వన్నెల (స్వచ్ఛతల) బంగారాన్ని కరిగించి కలిపే లెక్కలను 9వ శతాబ్దిలో గణితవేత్త మహావీరాచార్యుడు ఈ సగటుతోనే చెప్పాడు. ఆయన గణిత గ్రంథాన్ని కవి పావులూరి మల్లన తెనిగించాడు.

అపోహ: పాలలో నీళ్లు కలిపి, కొన్న ధరకే అమ్మి 20 శాతం లాభం పొందితే, మిశ్రమంలో నీళ్లు 20 శాతం.

లాభశాతం కొన్న పాల మీద లెక్క. 5 లీటర్ల పాలకు 1 లీటరు నీళ్లు. అంటే మిశ్రమంలో నీళ్లు ఆరో వంతు మాత్రమే.

అపోహ: ఏ రెండు ద్రవాలను కలిపినా ఘనపరిమాణాలు కూడుకుంటాయి.

పరీక్షలో అలాగే అనుకోవాలి. ప్రయోగశాలలో మాత్రం 50 మిల్లీలీటర్ల శుద్ధ ఇథనాల్‌ను 50 మిల్లీలీటర్ల నీటిలో కలిపితే, అణువులు మరింత దగ్గరగా సర్దుకోవడం వల్ల సుమారు 96 లేదా 97 మిల్లీలీటర్లే వస్తుంది. ద్రవ్యరాశి మాత్రం కచ్చితంగా కూడుకుంటుంది కాబట్టి, ఖచ్చితత్వం అవసరమైన చోట నిష్పత్తిని బరువులతో రాస్తారు.