మోకాలి నొప్పికి వెళితే షుగర్ పరీక్ష ఎందుకు?

గాజువాక పాఠకుడొకరు అడిగారు: మోకాలి నొప్పికని వెళితే డాక్టరు గారు కంప్యూటరు తెర చూసి, ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి అన్నారట, ఇది వైద్యమా, వ్యాపారమా?

ఆ తెర మీద వచ్చింది బహుశా రోగి వివరాలు దాచే ఎలక్ట్రానిక్ రికార్డు ఇచ్చిన హెచ్చరిక. దాని నియమం చిన్నదే: వయసు 30 నిండింది, మధుమేహం ఉన్నట్టు నమోదు కాలేదు, ఈమధ్య పరీక్ష చేసిన దాఖలా లేదు, మూడూ కలిస్తే గుర్తు చేయాలి. 30 ఏళ్లన్నది షుగర్, బీపీ వంటి వ్యాధుల కోసం ఉన్న మన జాతీయ కార్యక్రమం పెట్టిన హద్దు. లక్షణాలు కనబడ్డాక చూసుకోవచ్చు కదా అంటారేమో. మూత్రానికి చీమలు పడితేనే షుగరని మన ఇళ్లలో ఇప్పటికీ నమ్మేవారున్నారు. కానీ రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే తప్ప సాధారణంగా అది మూత్రంలోకి రాదు, వ్యాధి నిర్ధారణకు పరగడుపున 126 చాలు. చీమలు వచ్చేసరికి ఆలస్యమైపోయినట్టే.

అయితే హెచ్చరిక రాయడం కన్నా, ఎప్పుడు ఊరుకోవాలో దానికి నేర్పడమే కష్టం. కుక్కర్ విజిల్‌నే చూడండి. లోపలి ఆవిరి పైనున్న బరువును ఎత్తగలిగినప్పుడే అది కూస్తుంది కాబట్టి, మూడో కూతకు ఎవరో ఒకరు లేచి స్టవ్ కట్టేస్తారు. ఆ బరువు మరీ తేలికై, పొయ్యి మీద పెట్టింది మొదలు కూస్తూనే ఉంటే, పప్పు మాడిన వాసన వచ్చేదాకా ఎవరూ కదలరు. కిటకిటలాడే ఓపీలో ప్రతి మందుకూ తెర మీద ఒక హెచ్చరిక పెట్టె తెరుచుకుంటే, చదవకుండానే మూసేయడం డాక్టరు వేలికి అలవాటవుతుంది. విజిల్ బరువు మరీ ఎక్కువై, కూయవలసినప్పుడు కూయకపోయినా ముప్పే: గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్ వచ్చి తగ్గిన స్త్రీకి తరవాత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ, కానీ ఆ సంగతి కాన్పుల ఆసుపత్రి కాగితాల్లోనే ఉండిపోతే, అందరికన్నా ముందు కూయవలసిన చోట విజిల్ రాదు.

కూత వచ్చినా ఏ పరీక్ష చేయాలన్నది ఇంకో చిక్కు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజు లెక్క. ఆ కణాలు సుమారు 120 రోజులు బతుకుతాయన్న నమ్మకం మీద అది నిలబడుతుంది. పాడేరు, అరకు వైపు నుంచి విశాఖకు వచ్చే గిరిజనుల్లో సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి కణాలు ముందే నశిస్తాయి, లెక్క తక్కువగా వస్తుంది. ఇనుము లోపం ఉన్నవారికి ఎక్కువగా రావచ్చు. అలాంటి రికార్డులో హెచ్చరిక పరగడుపు పరీక్షనే సూచించాలి.

ఇక మన పాఠకుడు బయటి ల్యాబులో ఈమధ్యే పరీక్ష చేయించుకుని ఉంటే, ఆ కాగితం చూపించి కంప్యూటరులో ఎక్కించమని అడగాలి. లేకపోతే వచ్చేసారి జలుబుకు వెళ్లినా ఆ పెట్టె మళ్లీ తెరుచుకుంటుంది.