కలిసి సినిమా చూడటం: అపోహలు - వాస్తవాలు

ఫిల్మ్ సొసైటీ తరఫున సినిమాలు వేయడం, ఆ తర్వాత చర్చ నడిపించడం నా పని. ప్రేక్షకుల గురించి తరచూ వినిపించే కొన్ని నమ్మకాలకు ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: తెరమీద ఏది చూపిస్తే జనం దాన్ని నమ్మేస్తారు.

దీనికి అందరూ, సినిమా తొలినాళ్లలో ఫ్రాన్స్‌లో చిత్రాలు తీసిన లూమియేర్ సోదరుల రైలు చిత్రాన్నే సాక్ష్యంగా తెస్తారు. తెరమీద రైలు రావడం చూసి ప్రేక్షకులు హడలిపోయి పరుగెత్తారన్నది కథ. 1895 డిసెంబరు 28న పారిస్‌లో వారు టికెట్ పెట్టి వేసిన తొలి ప్రదర్శనలో ఆ రైలు చిత్రం లేనే లేదు. ఆ తర్వాతైనా జనం అలా పారిపోయారనడానికి ఆనాటి ఆధారాలేవీ దొరకలేదు. ప్రేక్షకులను ఇంత అమాయకులుగా లెక్కగట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: చీకట్లో, ఎవరితోనూ మాట్లాడకుండా చూసేదానిలో సామాజిక అనుభవం ఏముంది?

చాలానే ఉంది. ఒకే సినిమాను విడివిడిగా చూసినవారి మెదళ్లలో సైతం చాలా భాగాలు ఒకే తీరుగా స్పందించాయని మెదడుపై పరిశోధన చేసే శాస్త్రవేత్త యూరీ హాసన్ బృందం 2004లో చూపింది. హాల్లో అయితే పక్కవారి స్పందన కూడా మనకు తెలుస్తూ ఉంటుంది. తెరమీద భర్త భార్యను చెంపదెబ్బ కొడతాడు. వెనక వరుసలో ఇద్దరు నవ్వుతారు. మిగతా హాలు నవ్వదు. కాసేపటికే ఆ నవ్వు ఆగిపోతుంది. ఎవరూ వారించకుండానే, ఇది నవ్వే విషయం కాదని అక్కడ తేలిపోతుంది. దీనికి పూర్తి విరుద్ధంగానూ జరుగుతుంది: హాలంతా నవ్వుతుంది, నొచ్చుకున్న ఒక్కరు నోరు మెదపలేరు. అందుకే కలిసి చూస్తే చాలు, ఐక్యత దానంతటదే వస్తుందనే మాటను కూడా నేను ఒప్పుకోను.

అపోహ: ఇంటి తెరలు వచ్చాక కలిసి చూడటం ముగిసింది.

1950ల్లో టీవీ విస్తరించినప్పుడు అమెరికాలో హాళ్లకు జనం బాగా తగ్గిన మాట నిజమే. కానీ అదే టీవీ ముందు కుటుంబాలు, ఇరుగుపొరుగు వారు గుమిగూడారు.

అపోహ: చర్చకు నిపుణులు తప్పనిసరి.

తప్పనిసరిగా కావలసింది సరైన మొదటి ప్రశ్న. ‘ఈ సినిమా సందేశం ఏమిటి?’ అని అడిగితే అందరూ తలలు దించుకుంటారు. ‘ఏ దృశ్యం మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది?’ అనండి, చేతులు లేస్తాయి. ఒకరు ఆ చెంపదెబ్బ అంటారు. మరొకరు, ఆ వెంటనే ఆమె ఏమీ జరగనట్టు గిన్నెలు కడగడం అంటారు. ‘అలా ఎందుకనిపించింది?’ అని మూడోవారు వారినే అడుగుతారు. అప్పటినుంచి వారు నా వైపు చూడటం మానేసి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. నిపుణులు వస్తే సంతోషమే. మైకు మాత్రం వారికి చివర్లో ఇవ్వండి.