బస్తా చీటీ మీది ప్రొటీన్: రొయ్యల రైతుల అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఇది 38, అది 35. ఏ మేత వాడమంటావు?" బస్తాకు కుట్టిన చీటీ ఊడదీసుకుని మా మేత పరీక్షల ల్యాబ్‌కు వచ్చే రైతులు వారానికి ఒకరిద్దరైనా ఉంటారు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు వనామి రకం రొయ్యల గుంటలు వేసినవాళ్లకు అన్నిటికన్నా పెద్ద ఖర్చు మేతే. అందుకే వివరంగా చెబుతున్నాను.

అపోహ: ప్రొటీన్ శాతం ఎక్కువుంటే అదే మంచి మేత.

అసలు ఆ అంకె ఎలా వస్తుందో చూడండి. మేం ప్రొటీన్‌ను నేరుగా కొలవం. మేతపొడిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేసి, నల్లటి ద్రవం తేటపడేదాకా మరిగిస్తాం. తర్వాత క్షారం కలిపితే మేతలోని నత్రజని అమ్మోనియా రూపంలో ఆవిరిగా బయటికొస్తుంది. దాన్ని సూచిక (రంగు మారే ద్రావణం) వేసిన బోరిక్ ఆమ్లంలోకి పంపితే గులాబీ రంగు ఆకుపచ్చగా తిరుగుతుంది. మళ్లీ గులాబీ రావడానికి ఎన్ని చుక్కల ఆమ్లం పట్టిందో, దాన్నిబట్టి నత్రజని లెక్క తేలుతుంది. 1883లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త కెల్డాల్ చూపిన దారి ఇది. ప్రొటీన్లో సగటున 16 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి, వచ్చినదాన్ని 6.25తో గుణిస్తాం. చీటీ మీది 'క్రూడ్ ప్రొటీన్' అదే.

కానీ ఆ నత్రజని ప్రొటీన్‌దేనా అన్నది ఈ లెక్కకు తెలియదు. యూరియాలో నత్రజని 46 శాతం. 6.25తో గుణిస్తే 287.5! వంద కిలోల చేపపొడిలో కిలో యూరియా కలిపితే చాలు, కాగితం మీద ప్రొటీన్ రెండు శాతానికి పైగా పెరుగుతుంది. రొయ్యకు అందేది సున్నా. సొంతంగా మేత కలుపుకునే ఒక రైతు తెచ్చిన చేపపొడిలో నేనే దీన్ని పట్టుకున్నాను. ప్రొటీన్ అంకె బ్రహ్మాండంగా వచ్చింది, అనుమానంతో యూరియా పరీక్ష విడిగా చేస్తే బయటపడింది. ఆ రోజు ఆయన ముఖం నాకింకా గుర్తుంది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో నత్రజని ఎక్కువుండే మెలమైన్ అనే రసాయనం కలిపిన దుర్మార్గం కూడా ఈ లెక్కను మోసం చేయడానికే. చేపపొడి విడిగా కొంటే యూరియా పరీక్ష కూడా అడిగి చేయించుకోండి.

అపోహ: సోయా అయినా చేప అయినా ప్రొటీన్ ప్రొటీనే.

కాదు. ప్రొటీన్ అంటే 20 రకాల అమైనో ఆమ్లాలను వరసగా కట్టిన దండ. వాటిలో పదింటిని రొయ్య తయారుచేసుకోలేదు, మేతలోనే రావాలి. దండలో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం రావాల్సిన చోట ఇంకోటి కట్టడం కుదరదు, పని అక్కడే ఆగిపోతుంది. సోయాలో కొరవడేది ముఖ్యంగా ఈ మిథియోనినే. అందుకే చేపపొడి తగ్గించిన మేతల్లో మిథియోనిన్‌ను విడిగా కలుపుతారు. అమైనో ఆమ్లాలు పొందికగా ఉన్న 35, పొందిక లేని 38 కన్నా మేలు.

అపోహ: మిగిలిన ప్రొటీన్ రొయ్య ఒంట్లో నిల్వ ఉంటుంది.

వాడుకోని అమైనో ఆమ్లాలకు ఒంట్లో గాదె లేదు. వాటిని రొయ్య ఇంధనంగా కాల్చేస్తుంది, నత్రజని అమ్మోనియాగా మొప్పల గుండా నీళ్లలోకి వస్తుంది. వంద గ్రాముల ప్రొటీన్ పూర్తిగా అలా పోతే సుమారు 19 గ్రాముల అమ్మోనియా. ఎండకు నాచు పనిచేసి మధ్యాహ్నం నీటి పీహెచ్ (క్షార గుణం) పెరిగితే, ఆ అమ్మోనియాలో విషపూరితమైన వాటా పెరుగుతుంది. పొద్దున బాగున్న గుంట మూడింటికి టెన్షన్ పెట్టడానికి ఇదొక కారణం.

అపోహ: వేడి తగిలితే ప్రొటీన్ పోతుంది.

మామూలుగా ఉడికిస్తే దండ తెగదు, దాని మడతలు విప్పుకుంటాయంతే. సోయాకైతే వేడి తగలాల్సిందే, జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం అప్పుడే పోతుంది. మాడిస్తేనే నష్టం: లైసిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో అతుక్కుని రొయ్యకు అందదు. కెల్డాల్ అంకె మాత్రం మారదు!

ఉడికిస్తే రొయ్య ఎర్రబడితే రంగు కలిపారని అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ ఎరుపు దాని పెంకులోదే, పేరు ఆస్టాక్సాంథిన్. పచ్చి రొయ్యలో ఒక ప్రొటీన్ దాన్ని పట్టి ఉంచడంవల్ల నీలి బూడిదగా కనిపిస్తుంది. వేడికి ఆ పట్టు వదిలి ఎరుపు బయటపడుతుంది. చల్లారాక కూడా ఆ ప్రొటీన్ పాత మడతలోకి పోలేదు, అందుకే రొయ్య ఎర్రగానే ఉండిపోతుంది.